సొసైటీలో సొమ్ము దాచుకోవచ్చునా?

పోయిన వేసవిలో మా మామయ్య పర్చూరు వైపునుంచి గుంటూరు వచ్చాడు. మిర్చి యార్డులో నలభై టిక్కీలు కాటా వేయించి, కమీషన్ కొట్టులో లెక్క చూసుకుని, పొద్దుగూకేవేళకు మా యింటికి చేరాడు. ఒళ్ళంతా మిరపఘాటు. ఆయన లోపలికి రాగానే మా ఆవిడ తుమ్మింది, పిల్లలు తుమ్మారు, నేనూ తుమ్మాను. ఆయన మాత్రం మంచినీళ్ళు తాగి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని తాపీగా అడిగాడు:

“అల్లుడూ, నువ్వు ఎం.ఏ. చదివావు గదా! ఈ డబ్బు యెక్కడ వెయ్యమంటావు?”

నేను చదివింది తెలుగు ఎం.ఏ. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలున్నాయి గాని, వాటిలో బాంకు వర్ణన లేదు. ఈ మాట మా బంధువులకు చెప్పినా నమ్మరు. చదువుకున్నవాడికి కోర్టు కాగితం నుంచి కుక్కకాటు మందుదాకా అన్నీ తెలిసి వుంటాయని వాళ్ళ విశ్వాసం.

మామయ్యకు మూడు పిలుపులు వచ్చాయట. ఊళ్ళో పరపతి సంఘం సెక్రటరీ, “మన సొసైటీలోనే వెయ్యి బాబాయ్” అన్నాడు. టౌన్లో సహకార బాంకు మేనేజరు ఫోను చేశాడు. మెయిన్ రోడ్డు మీద కొత్తగా అద్దాల తలుపులు పెట్టి తెరిచిన మరో సొసైటీ వాళ్ళు యింటికే వచ్చి, అందరికంటె నూటికి మూడు రూపాయలు ఎక్కువ వడ్డీ యిస్తామన్నారు.

“అన్నీ సహకారమే గదరా! ఎక్కడయితేనేం?” అన్నాడాయన.

అసలు చిక్కు అంతా ఆ ఒక్క మాటలోనే వుంది. పేరు ఒకటే అయినా ఆ మూడు గడపలూ ఒకటి కావు.

అప్పిచ్చేవాడు ముందు

ఎటువంటి ఊళ్ళో కాపురం వుండవచ్చునో చెబుతూ సుమతీ శతకకారుడు అప్పిచ్చేవాణ్ణి వైద్యుడికంటె ముందు లెక్కపెట్టాడు. అందులో న్యాయం యెంత వుందో మా నల్లరేగడి రైతునడిగితే చెబుతాడు. మిరప నారు పోసింది మొదలు కాయకోత కూలీలదాకా ప్రతిదానికీ డబ్బు ముందే కావాలి. పంట చేతికొచ్చేది చిట్టచివర. పత్తికీ అంతే. ఈ నడిమి నెలలు యెవరు నడిపిస్తారో వారే రైతుకు అసలైన బాంకు.

చాలాకాలంగా ఆ పని చేస్తున్నవాళ్ళు వడ్డీవ్యాపారి, పురుగుమందుల కొట్టు యజమాని, యార్డులో కమీషన్‌దారు. కమీషన్‌దారు అడ్వాన్సు యిస్తాడు; పంట తన కొట్టుకే తెమ్మంటాడు. ధర బాగాలేదని కాయను వెనక్కి తోలుకుపోయే స్వేచ్ఛ అప్పున్న రైతుకు వుండదు. 1980ల నడుమ తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలు పాడయినప్పుడు, చేను పోయినా మందుల కొట్టులో బాకీ మాత్రం పోలేదు. ఆ రోజుల్లో కొందరు రైతులు ప్రాణాలే తీసుకున్నారు.

అందరూ కలిసి తమకు తామే అప్పిచ్చుకుంటే యేమన్న ఆలోచన పంతొమ్మిదవ శతాబ్దం నడుమ జర్మనీలో రైఫైజెన్ అనే మేయరుకు కలిగింది. ఊళ్ళో వాళ్ళకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు కనుక, ఆ తెలియడమే హామీ అన్నాడాయన. మద్రాసు ప్రభుత్వం తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ యూరపులోని యీ సంఘాలను పరిశీలించి, 1895లో నివేదిక యిచ్చాడు. మనకూ అటువంటి రైఫైజెన్‌లు దొరకాలన్నది దాని సారాంశం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మన తెలుగువారిలో వేమవరపు రామదాసు పంతులుగారు మద్రాసు ప్రొవిన్షియల్ సహకార బాంకుకు అధ్యక్షులై ఈ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు.

అయితే అర్ధశతాబ్దం గడిచాక, 1951-52లో రిజర్వు బాంకు జరిపించిన గ్రామీణ పరపతి సర్వేలో తేలిందేమిటి? దేశంలో రైతు తెచ్చే అప్పులో సహకార సంఘాల వాటా నూటికి మూడు చిల్లర. వడ్డీవ్యాపారులది డెబ్బై దాకా! సహకారం ఓడిందని ఒప్పుకుంటూనే, అది నెగ్గక తప్పదని ఆ సర్వే సంఘం తీర్పు చెప్పింది. ఓడినవాణ్ణి మళ్ళీ బరిలోకి దింపడమన్నమాట.

ఈనాటికి ఆ మేడ మూడంతస్తులుగా నిలిచింది. కింద ఊరి పరపతి సంఘం. దీన్నే మనవాళ్ళు 1987లో వచ్చిన యేర్పాటునుబట్టి ‘సింగిల్ విండో’ అంటారు. మధ్య అంతస్తు జిల్లా కేంద్ర బాంకు. గుంటూరుకొకటి, ఒంగోలు కేంద్రంగా ప్రకాశానికొకటి వున్నాయి. పైన 1963లో ఆంధ్ర, హైదరాబాదు బాంకులు కలిసి యేర్పడిన రాష్ట్ర సహకార బాంకు. ఆపైన చూరులాగా నాబార్డు.

అప్పుకు మేలే

అప్పు సంగతి ముందు తేల్చుకుందాం. అది తేలిక.

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మా వైపు పెద్ద వింత కాదు. లక్ష రూపాయలు తెచ్చి పది నెలలు వాడుకుంటే వడ్డీ యిరవైవేలు. సంఘంలో మూడు లక్షలదాకా పంటరుణానికి యేడాదికి వడ్డీ నూటికి ఏడు. గడువులో కట్టినవారికి కేంద్ర ప్రభుత్వం మూడు తగ్గిస్తుంది. 2025-26 సంవత్సరానికి కూడా ఆ పద్ధతినే పొడిగించారు. అంటే అదే లక్షకు అదే పది నెలలకు మూడువేల మూడువందల చిల్లర. తేడా పదహారువేల పైమాట. అది ఒక కుర్రవాడి కాలేజీ ఖర్చు.

కాని ఈ లెక్క పాసుపుస్తకం వున్న రైతుకు. మా డెల్టాలోనూ మెట్టలోనూ చేలో నిలబడి పనిచేసేవాడు చాలాచోట్ల కౌలుదారు. 2019 చట్టం ప్రకారం అతనికి సాగుదారు హక్కుపత్రం యివ్వవచ్చు. అయితే దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. పోనీ పెట్టినా, అదే చేను మీద ఆయన ముందే పంటరుణం తీసుకుని వుంటాడు. అంచేత కౌలుదారు మళ్ళీ కమీషన్‌దారు గడపకే వెళతాడు. యెవరికోసం పుట్టిందో వాళ్ళకే సొసైటీ దూరంగా వుండడం ఈ ఉద్యమానికి మానని పుండు.

దాచుకోవడం వేరు

అప్పు తెచ్చుకునేటప్పుడు డబ్బు సంఘానిది, భయం సంఘానిది. దాచుకునేటప్పుడు డబ్బు మనది, భయమూ మనదే. అందువల్ల ఒక చూపు చూసేచోట రెండు చూపులు చూడాలి.

1960లో కేరళలో పాలై సెంట్రల్ బాంకు కూలింది. ఆ గగ్గోలులోంచి పుట్టిందే డిపాజిట్ల బీమా. 1962 జనవరి 1న మొదలయినప్పుడు ఒక్కొక్కరికి పదిహేనువందల రూపాయలదాకా బీమా. తరువాత సహకార బాంకులనూ దాని కిందికి తెచ్చారు. 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరిలో అయిదు లక్షలకు పెంచారు. అసలూ వడ్డీ కలిపి, ఒక బాంకులో ఒక మనిషికి అయిదు లక్షలు. ఒకే బాంకులో నాలుగు శాఖల్లో వేసినా లెక్క ఒక్కటే.

ఈ గొడుగు కిందికి యెవరు వస్తారు? జిల్లా కేంద్ర బాంకు వస్తుంది. రిజర్వు బాంకు లైసెన్సున్న పట్టణ సహకార బాంకు వస్తుంది. ఊరి పరపతి సంఘం రాదు! పరస్పర సహాయక సంఘాల చట్టం, అంటే 1995 చట్టం కింద రిజిస్టరయిన సొసైటీ కూడా రాదు. ఈ చట్టం చెడ్డదని కాదు. ప్రభుత్వం పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకోవాలన్నది దాని ఆశయం. పొదుపు చేసి చక్కగా నడుపుకుంటున్న సంఘాలూ వున్నాయి. అయితే పెత్తనం లేనిచోట కాపలా కాయవలసింది సభ్యుడే. కొందరు చేసేదేమంటే, వచ్చినవాడి దగ్గర పది రూపాయలు పుచ్చుకుని, నామమాత్ర సభ్యుడని రాసుకుని, లక్షలు డిపాజిట్టు తీసుకుంటారు. అతనికి మహాజన సభకు పిలుపు రాదు, వోటు వుండదు. కొందరయితే బోర్డు మీద ‘బాంకు’ అనే రాసేసుకుంటారు. లైసెన్సు లేని సొసైటీ ఆ మాట వాడరాదని, అటువంటి వాటితో జాగ్రత్తగా వుండమని రిజర్వు బాంకు 2021 నవంబరులో ప్రజలకు హెచ్చరిక చేసింది.

బీమా వుంటే చింతే లేదా? అదీ కాదు. 2001లో హైదరాబాదులో కృషి సహకార బాంకు మూతపడ్డప్పుడు బీమా లక్షకే; ఆపైన వేసినవారి గోడు పత్రికల నిండా వచ్చింది. 2019లో బొంబాయిలో పంజాబ్ మహారాష్ట్ర సహకార బాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు, మొదట్లో ఖాతాదారుకు వెయ్యి రూపాయలకు మించి చేతికి రాలేదు. మనకు దగ్గరలోనే, 2024 నవంబరులో విజయవాడలోని దుర్గా సహకార పట్టణ బాంకు లైసెన్సును రిజర్వు బాంకు రద్దు చేసింది. అయితే డిపాజిట్‌దారుల్లో చాలామందికి బీమావల్ల పూర్తి సొమ్ము దక్కుతుందని అప్పుడే ప్రకటించారు. బీమా వున్న గడపకూ లేని గడపకూ తేడా అక్కడ తెలుస్తుంది.

ఆ తేడా మా యింట్లోనూ తెలిసింది. మా పెద్దమ్మ బడిపంతులు భార్య. పెదనాన్న పోయాక వచ్చిన సొమ్మంతా, తెలిసిన కుర్రాడు చెప్పాడని, ఎక్కువ వడ్డీ యిచ్చే ఒక సొసైటీలో వేసింది. మూడేళ్ళు వడ్డీ గడియారంలా వచ్చింది. నాలుగో యేడు ఒక ఉదయం వెళితే తలుపుకు తాళం. తిరగ్గా తిరగ్గా మూడో వంతు రాబట్టుకున్నాము. ఆ పాసుపుస్తకాన్ని ఆవిడ యింకా ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో దాచింది. “ఎందుకు పెద్దమ్మా?” అంటే, “మీ పెదనాన్న సంపాదనరా అది” అంటుంది.

అయిదు ప్రశ్నలు

ఈ కథ మామయ్యకు తెలుసు. అయినా మళ్ళీ చెప్పి, ఒక కాగితం మీద అయిదు ప్రశ్నలు రాసిచ్చాను. పాఠకులకూ పనికిరావచ్చు.

ఒకటి: రిజర్వు బాంకు లైసెన్సు, డిపాజిట్ల బీమా వున్నాయా? వుంటే దాపరికం లేకుండా చూపిస్తారు. బీమా కార్పొరేషను వారి జాబితాలో పేరు వుందో లేదో కాలేజీ పిల్లలు ఫోనులో నిమిషంలో చూసిపెడతారు.

రెండు: వడ్డీ అందరికంటె యెందుకు ఎక్కువ? మనకు పన్నెండు యివ్వాలంటే వాళ్ళు అంతకు మించి యెవరి దగ్గరో వసూలు చేయాలి. అంత వడ్డీకి అప్పు తీసుకునేవాడు యెటువంటివాడు?

మూడు: యిచ్చిన అప్పుల్లో మొండిబాకీలు యెన్ని? ఆ బాకీదారుల్లో పాలకవర్గం వాళ్ళూ, వాళ్ళ బావమరుదులూ వున్నారా? బినామీ పేర్ల అప్పులూ, గిల్టు నగల తాకట్టులూ సొసైటీలను తినేసిన కథలు పత్రికలు చదివేవారికి కొత్తకాదు.

నాలుగు: ఆడిటు యెప్పుడు జరిగింది? మహాజన సభలో ఆ నివేదిక చదివారా?

అయిదు: సంఘాన్ని నడిపేవాళ్ళను యెన్నుకున్నది యెవరు? ఒక మనిషికి ఒక వోటు అన్నది సహకారానికి ప్రాణం. ఆంధ్రప్రదేశ్‌లో పరపతి సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక వచ్చినవి ప్రభుత్వం వేసిన కమిటీలు. యెన్నుకోనివాణ్ణి నిలదీసే హక్కు మనకు సగమే వుంటుంది.

మామయ్య కాగితం రెండుసార్లు చదివాడు. మర్నాడు ఊరికి వెళ్ళి యేంచేశాడో చిత్తగించండి. ముందుగా పరపతి సంఘంలో పంటరుణం గడువులోపలే తీర్చేశాడు. మూడు రూపాయల తగ్గింపు దక్కించుకున్నాడు. మిగిలింది అయిదు లక్షల లోపే కనుక, బీమా వున్న సహకార బాంకులో వేశాడు. అద్దాల తలుపుల సొసైటీ వాళ్ళను ఆ అయిదు ప్రశ్నలూ అడిగాడట. కుర్రాడు మొదటిదానికే మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళాడట.

“మరి ఊరి సంఘం సెక్రటరీకి యేం చెప్పారు మామయ్యా?” అని ఫోనులో అడిగాను.

“పదివేలు అక్కడా వేశానురా” అన్నాడు.

“బీమా లేదని చెప్పానుగదా!”

“తెలుసు. కాని బొత్తిగా డబ్బు లేకపోతే సభకు వెళ్ళి అరిచే ఉత్సాహం యెక్కడినుంచి వస్తుంది? ఆ పదివేలూ కాపలాకూలి అనుకో.”

రైఫైజెన్ పేరు మా మామయ్య యెన్నడూ వినలేదు. నికల్సన్ వెతకమన్నది మాత్రం బహుశా ఇటువంటివాణ్ణే.