ఆట ఒక్కటే, భాషలు 800

2017 సెప్టెంబరు 24. బ్రిస్బేన్‌లోని సన్‌కార్ప్ స్టేడియం. క్వీన్స్‌లాండ్ కప్ ఫైనల్ చివరి నిమిషాలకొచ్చింది. పాపువా న్యూగినీ నుంచి వచ్చిన హంటర్స్ జట్టు, సన్‌షైన్ కోస్ట్ ఫాల్కన్స్ కంటే వెనకబడి ఉంది. అంతలో విల్లీ మినోగా బంతితో గీత దాటి నేలకు ఆనించాడు. ట్రైకి 4 పాయింట్లు, ఆ వెంటనే గోల్ కిక్‌కు 2. హంటర్స్ 12, ఫాల్కన్స్ 10. ఆస్ట్రేలియా వాళ్ల లీగ్ కప్పు సముద్రం దాటి పోర్ట్ మోర్స్‌బీకి వెళ్లింది.

ఆ ఆట రగ్బీ లీగ్. మనకు కొత్తే కానీ, కబడ్డీ చూసిన కంటికి తొందరగానే పట్టుబడుతుంది. రైడర్‌ను నలుగురు చుట్టుముట్టి పడగొట్టినట్టే, బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని ఇక్కడా పడగొడతారు; అదే టాకిల్. జట్టుకు 13 మంది. ఆరు టాకిళ్లలోపు ట్రై చేయలేకపోతే బంతి అవతలివాళ్లది. అందుకే అయిదో టాకిల్ అయ్యాక చాలాసార్లు బంతిని దూరంగా తన్నేస్తారు.

800కు పైగా భాషలు మాట్లాడే పాపువా న్యూగినీని ఒక్కచోట కూర్చోబెట్టగలిగేది ఈ ఆటే. 1990లో అక్కడి గొరోకాలో జాతీయ జట్టు గ్రేట్ బ్రిటన్‌ను 20-18తో ఓడించిన రోజున, లోపలికి రాలేకపోయిన జనాన్ని అదుపు చేయలేక పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఆ పొగ మైదానంలోకీ వచ్చింది.

ఇంత అభిమానం ఉన్నా దేశానికి చాలాకాలం లేనిది, వారం వారం గట్టి ప్రత్యర్థులతో ఆడే అవకాశం. ఆ లోటు తీర్చడానికే 2014లో హంటర్స్ క్వీన్స్‌లాండ్ కప్‌లో అడుగుపెట్టింది. ఆస్ట్రేలియాలోని అగ్రశ్రేణి నేషనల్ రగ్బీ లీగ్ (ఎన్‌ఆర్‌ఎల్)కు ఇది ఒక మెట్టు కింది పోటీ. పాపువా న్యూగినీలోని రకరకాల ప్రాంతాల కుర్రాళ్లను ఒకే శిబిరంలో ఉంచి తయారుచేశారు. నాలుగో ఏడాదికే కోచ్ మైకేల్ మారమ్ జట్టు పట్టికలో మొదటి స్థానంలో నిలిచి, కెప్టెన్ ఆసే బోవాస్ చేతికి కప్పు అందించింది. వారానికే ఆస్ట్రేలియా రాష్ట్ర లీగ్‌ల విజేతల పోరులో పెన్రిత్ జట్టు చేతిలో 42-18తో ఓడారు. దానివల్ల ఆ కప్పు విలువ వీసమెత్తు తగ్గలేదు.

నెల తిరిగేసరికి ప్రపంచకప్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పాటు పాపువా న్యూగినీ కూడా ఆతిథ్య దేశమే. జాతీయ జట్టు పేరు కుముల్స్; అది వాళ్ల జాతీయ పక్షి పేరు. అందులో హంటర్స్ ఆటగాళ్లు చాలామంది. ఆసే, అతని తమ్ముడు వాట్సన్, మినోగా... క్లబ్బుకు ఆడినవాళ్లే దేశానికీ ఆడారు. డేవిడ్ మీడ్ నాయకత్వంలో పోర్ట్ మోర్స్‌బీలో వేల్స్‌ను 50-6తో, ఐర్లాండ్‌ను 14-6తో, అమెరికాను 64-0తో ఓడించారు. ఐర్లాండ్‌తో ఆటే నాకు ఎక్కువ ఇష్టం. పాయింట్ల ప్రవాహం లేని చోట ఓపికగా గెలవడం నేర్చుకున్నారనిపిస్తుంది. మెల్‌బోర్న్‌లో క్వార్టర్‌ఫైనల్ మాత్రం 36-6తో ఇంగ్లండ్‌ది.

ఆ ప్రపంచకప్ ఆడిన కుముల్స్ ఆటగాళ్లు ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టారు. అప్లయిడ్ ఫిజిక్స్ చదివిన జస్టిన్ ఓలమ్ 2020లో మెల్‌బోర్న్ స్టార్మ్‌తో ఎన్‌ఆర్‌ఎల్ టైటిల్ గెలిచాడు. కాటో ఒట్టియో ఇంగ్లండ్‌లోని విడ్నెస్ క్లబ్బుకు బయల్దేరబోతూ, 2018 జనవరిలో పోర్ట్ మోర్స్‌బీలో శిక్షణ తర్వాత కుప్పకూలి చనిపోయాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లే.

2028లో పాపువా న్యూగినీ జట్టు ఎన్‌ఆర్‌ఎల్‌లోకి వస్తుంది. పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇస్తామని ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒప్పుకుంది. పసిఫిక్‌లో చైనా పలుకుబడిపై ఆందోళన దాని వెనుక ఉందన్నది బహిరంగమే. ఎవరి లెక్క ఏదైనా, కుర్రాడు ఊరు వదలకుండా అగ్రశ్రేణి ఆట ఆడగలగడం మంచిదే. అయితే ఆ డబ్బు రాజధానిలోని ఒక్క జట్టు దగ్గరే ఆగిపోకూడదు. ఎత్తయిన కొండల మధ్య మైదానాలకూ, ఆడపిల్లల జట్లకూ చేరాలి. 2017లోనే మొదటిసారి ప్రపంచకప్ ఆడిన మహిళల జట్టు ఆర్కిడ్స్ అప్పుడు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2022లో జరిగిన తర్వాతి కప్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది.