బడిపంతులు రహీం, కెప్టెన్ నయీముద్దీన్

లాల్‌దర్వాజా అనగానే ఎవరికైనను ఆషాఢమాసపు బోనాలు, సింహవాహిని మహంకాళి ఆలయము, ఘటముల ఊరేగింపు స్ఫురించును. అది సహజమే. చార్మినారును గూర్చియు, లాడ్‌బజారు గాజులను గూర్చియు వ్రాసినవారు ఎందరో కలరు. కాని ఈ హైదరాబాదు నగరము ఒకానొక కాలమున భారతదేశమునకు ఫుట్‌బాల్ వీరులను అందించిన గడ్డ అన్న సంగతి నేటి విద్యార్థులలో ఎందరికి తెలియును? అర్జున పురస్కారములు 1961లో మొదలైనవి. ఈ జంటనగరములలో పుట్టిన తుళసీదాస్ బలరామ్‌కు 1962లోను, యూసుఫ్‌ఖాన్‌కు 1966లోను, పీటర్ తంగరాజ్‌కు 1967లోను, సయ్యద్ నయీముద్దీన్‌కు 1970లోను ఆ గౌరవము దక్కినది. తొమ్మిదేండ్లలో నలుగురు! దేశములో ఇంకే నగరమైనను కన్ను కుట్టవలసిన లెక్క ఇది.

ఈ నలుగురిలో కడపటివాడైన నయీముద్దీన్ కథ వేరు. మేటి ఆటగాడు మేటి గురువు కాగలడా అను ప్రశ్నకు అతని జీవితమంతయు ఒక ఉదాహరణము. అయితే అతనిని గూర్చి చెప్పుటకు ముందు ఒక బడిపంతులును గూర్చి చెప్పక తప్పదు.

ఆ పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదున జన్మించినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు మొదలు చాదర్‌ఘాట్ హైస్కూలు వరకు పలు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినాడు. విశ్వవిద్యాలయ జట్టులో ఆడినాడే గాని, భారతదేశపు చొక్కా తొడిగి మైదానములో దిగినవాడు కాడు. అట్టివాడు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఈ ఊరికి తెప్పించినాడు.

రహీం బోధనాపద్ధతిని ఉపాధ్యాయ మిత్రులు కొంచెము నిదానముగా పరిశీలింపవలెను. కుఱ్ఱవాండ్రకు బంతి దొరికినచో ఏమి చేయుదురు? కాళ్ళ సందున త్రిప్పుచు ఒక్కరే గోలుదాక పోవలెనని చూతురు. రహీం వారిని మందలించుచు కూర్చుండలేదు. బంతిని త్రిప్పుట నిషిద్ధమను నియమముతో పోటీలే ఏర్పాటు చేసినాడు. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందింపవలసినదే. అట్లే, అలవాటులేని కాలితోనే తన్నవలెనని మరియొక పోటీ. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో! ఉపన్యాసముతో చెప్పవలసిన పాఠమును ఆటయొక్క నియమములోనే ఇమిడ్చినాడన్నమాట. తరగతి గదిలో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి అలసినవానికి గాని ఇట్టి ఉపాయము తట్టదేమో.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో స్వర్ణము. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి నాలుగవ స్థానము. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి రెండవసారి స్వర్ణము. జకార్తాలో రాజకీయ కారణములచే ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహముతో ఉండిరి. తలకు కుట్లు పడిన జర్నైల్‌సింగ్ అసలు రక్షణపంక్తి ఆటగాడు. రహీం అతనిని ముందు వరుసకు పంపినాడు. అతడు గోలు చేసినాడు. మరుసటి సంవత్సరము జూన్ నెలలో రహీం క్యాన్సర్ వ్యాధితో కన్నుమూసినాడు. ఆయన జీవితము ఆధారముగా 2024లో హిందీలో ‘మైదాన్’ అను చలనచిత్రము వచ్చినది.

నయీముద్దీన్ 1944లో పుట్టినాడు. రహీం తీర్చిదిద్దిన పోలీసు జట్టులో ఆడి, పిమ్మట కలకత్తా చేరినాడు. ఆనాడు ఫుట్‌బాల్ ఆటగానికి కలకత్తాయే కాశీ. అచ్చట ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మదన్ స్పోర్టింగ్ అను మూడు జట్లకును ఆడినాడు. ఈ మూడింటి అభిమానుల నడుమ గల వైరము ఎరిగినవారికి అది ఎంత కత్తిమీద సామో తెలియును. అతనిది రక్షణపంక్తి. గోలు చేసినవానికి జేజేలు. ఆపినవానిని తలచుకొనువారు తక్కువ. అట్టి స్థానములో నిలిచి అతడు దేశజట్టుకు నాయకుడైనాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో అతని నాయకత్వమున భారతజట్టు జపానును 1–0తో ఓడించి కాంస్యము గెలిచినది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు పతకము రాలేదు.

ఆట చాలించి శిక్షకుడైన నయీముద్దీన్‌కు కలకత్తా మైదానములో కఠినుడని పేరు వచ్చినది. వేళ తప్పినను, తిండిలో అదుపు తప్పినను, జుట్టు పెరిగినను సహింపడని చెప్పుకొందురు. జుట్టుకును బంతికిని సంబంధమేమని కుఱ్ఱకారు అడుగవచ్చును; ఆ ప్రశ్న అన్యాయమని నేననను. రహీం నియమమును ఆటలో దాచినాడు. నయీముద్దీన్ దానిని ఆటగాని ఎదుట నిలిపినాడు. నాకు మొదటి మార్గమే నచ్చును. కాని రెండవదియు ఫలించినదని ఒప్పుకొనవలెను. 1990లో అతని శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటిని ఒకే యేట గెలిచినది. ఆ సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారము అతనికి లభించినది. ఫుట్‌బాల్ శిక్షకులలో అది పొందిన మొదటివాడు అతడే. అర్జునుడును ద్రోణుడును తానే అయిన ఫుట్‌బాల్ ఆటగాడు మరియొకడు లేడు. రహీంకు ఆ గౌరవము దక్కు అవకాశమే లేదు. ఆ పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు.

దేశజట్టు బాధ్యత అతనికి ఒకటి కంటె ఎక్కువసార్లు అప్పగింపబడినది. 1997లో దక్షిణాసియా పోటీల తుదియాటలో మాల్దీవులపై 5–1తో గెలుపు. 2005 డిసెంబరులో కరాచీలో బంగ్లాదేశ్‌పై 2–0తో మరల అదే కప్పు. కొన్ని నెలలైనను గడువకముందే, 2006లో ఆసియా కప్పు అర్హత పోటీలలో జట్టు ఓడినది; అతని పదవి పోయినది. శిక్షకుని కొలువు అట్టిది. బడిపంతులుకు విద్యార్థి తప్పినను మరుసటి యేడు మరియొక తరగతి యుండును. ఇచ్చట ఒక్క పరీక్షతో గురువే తప్పును.

కరాచీలో అతని చేతిలో ఓడిన బంగ్లాదేశ్‌వారు మాత్రము వేరుగా ఆలోచించిరి. అతడు మునుపే ఢాకాలో బ్రదర్స్ యూనియన్ జట్టుకు శిక్షణ ఇచ్చియుండెను. 2007లో వారు తమ జాతీయజట్టునే తెచ్చి అతనికి అప్పగించిరి.