కొత్త ప్రాసెసర్ వస్తే కోడింగ్ తేలికవుతుందా?

కొత్త ల్యాప్‌టాప్ ప్రకటనల్లో ఇప్పుడు ఎన్‌పీయూ అనే మాట తరచూ వినిపిస్తోంది. కృత్రిమ మేధ లెక్కల కోసమే ప్రాసెసర్‌లో కేటాయించిన భాగం అది. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన కోపైలట్ ప్లస్ పీసీల్లో ఈ భాగం సెకనుకు 40 లక్షల కోట్లకు పైగా లెక్కలు చేయాలి, ర్యామ్ కనీసం 16 జీబీ ఉండాలి. ఇలాంటి యంత్రం లేకపోతే కోడింగ్ మొదలుపెట్టే పిల్లలు వెనకబడతారా?

ఈ ప్రశ్నను బస్తర్ దక్షిణ కొసన, మన చింతూరుకు పొరుగునే ఉన్న కుంట ప్రాంతానికి తీసుకెళ్లి చూద్దాం. ఇక్కడ చాలామంది పిల్లలకు ఇంట్లో దోర్లీ లేదా గోండి, బడిలో హిందీ, కోడ్‌లో ఇంగ్లిష్.

ప్రోగ్రామింగ్‌లో తొలి పాఠం ఒక చక్రం: రాయాలి, నడపాలి, తప్పు చూసి దిద్దాలి. ఒకటి నుంచి లక్ష వరకు అంకెలు కూడే ప్రోగ్రామ్‌ను పదేళ్ల నాటి కంప్యూటర్ కూడా రెప్పపాటులో ముగిస్తుంది. ఆలస్యమంతా మిగతా చోట్లే. ఒక కీబోర్డుకు నలుగురు ఉంటే వంతు కోసం ఎదురుచూడాలి. సెమీకోలన్ మరిచినందుకు తెర మీదికి వచ్చిన ఇంగ్లిష్ వాక్యాన్ని విప్పుకోవాలి. ఆ ఆలస్యాన్ని ఏ ప్రాసెసరూ తగ్గించలేదు.

బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబుల్లో కనిపించే ఆర్డుయినో ఉనో బోర్డునే చూడండి. వేగం 16 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 కిలోబైట్లు. అయినా ‘ఇలా అయితే అలా చెయ్యి’ అనే షరతు, లూప్, సెన్సర్ నుంచి సమాచారం తీసుకోవడం అన్నీ దాని మీద నేర్చుకోవచ్చు. కోడ్‌లో ఒక అంకె మారిస్తే బల్బు మెరుపు మారుతుంది. నా దృష్టిలో తొలి ఏడాదికి ఇంతకన్నా మంచి గురువు లేదు.

కొత్త చిప్‌లు నిజంగా మార్పు తెచ్చేది ఒక చోట ఉంది. నెట్ అందని ఊళ్లోనూ చిన్న భాషా మోడల్‌ను కంప్యూటర్‌లోనే నడపవచ్చు. ఎర్రర్‌ను హిందీలో వివరించమని అడగవచ్చు. కుంట లాంటి చోట ఇది చిన్న సాయం కాదు. అయితే గోండి దగ్గర చిక్కు వస్తుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరుతో ఉన్న గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దక్కింది. కానీ లిపి ఉన్నంత మాత్రాన మోడల్‌కు భాష రాదు. దానికి ఆ భాషలో బోలెడంత రాత కావాలి, గోండిలో అది తక్కువ. పైగా మోడల్ కోడ్‌ను దిద్ది ఇచ్చేస్తే, తప్పు వెతికే పని పిల్లవాడి చేతి నుంచి జారిపోతుంది. నేర్చుకునేది ఆ వెతుకులాటలోనే.

కాబట్టి చేతిలో ఉన్న డబ్బుతో ఒక ఖరీదైన ల్యాప్‌టాప్ కొనేకన్నా, కొన్ని పాత కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్, పది బోర్డులు కొనడం మేలు. మిగిలితే, పిల్లల భాష తెలిసిన ఒక టీచర్‌కు శిక్షణ ఇప్పించాలి.