పెళ్లి వీడియో ఏ పెట్టెలో దాచాలి? ఇంటి సర్వర్‌పై అపోహలు – వాస్తవాలు

మొన్న సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక కుర్రాడు చీటీ పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డాడు. ఇంట్లో సినిమాలు, ఫొటోలు, పెళ్లి వీడియోలు అన్నీ ఒకచోట పెట్టుకుని టీవీలో చూసుకునే సర్వర్ కావాలట. చీటీలో ఐ7 ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, అన్నిటికంటే కింద 4 టీబీ హార్డ్ డిస్కు ఒక్కటి. డబ్బంతా పై మూడింటికే పోతోంది. వాళ్ల నాయనమ్మ గొంతు ఉన్న వీడియో మాత్రం ఆ ఒక్క డిస్కు మీదే బతకాలి.

అపోహ: 4కె సినిమా ఆడాలంటే ఖరీదైన ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే.

వాస్తవం: టీవీకి ఆ ఫైలు ఫార్మాట్ తెలిస్తే సర్వర్‌కు పెద్ద పనే లేదు. ఫైలును డిస్కు నుంచి తీసి అందిస్తే చాలు, బొమ్మగా మార్చుకునేది టీవీయే. 4కె బ్లూరే వేగం ఎంత ఎక్కువన్నా సెకనుకు 128 మెగాబిట్లు. మామూలు గిగాబిట్ లాన్ వైరు దానికి ఏడింతలు మోస్తుంది. సినిమాల కోసం ఎస్‌ఎస్‌డీలు కొననక్కర్లేదు, హార్డ్ డిస్కు వేగమే సరిపోతుంది.

టీవీకి ఫార్మాట్ తెలియకపోయినా, మీరు ఊళ్లో లేనప్పుడు మొబైల్ డేటా మీద చూడాలన్నా సినిమాను అప్పటికప్పుడు మార్చి పంపాలి. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. ఈ పని కోసం ఇంటెల్ 2011 నుంచే తన ప్రాసెసర్లలో క్విక్ సింక్ అనే విభాగం పెడుతోంది. ఇప్పటి 4కె సినిమాల్లో ఎక్కువగా కనిపించే 10 బిట్ హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌కు ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లు, ఆ పైవి కావాలి. 2023లో వచ్చిన 6 వాట్ల ఇంటెల్ ఎన్100 చిప్ ఒక ఇంటికి సరిపోతుంది. మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్లలో ప్లెక్స్‌లోనైతే ఈ హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కు డబ్బు కట్టాలి, జెల్లీఫిన్‌లో అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింకూ ఉండదు. ధర తగ్గిందని అది తెచ్చుకుంటే విడిగా కార్డు కొనక తప్పదు. రాస్ప్‌బెర్రీ పై 5లో వీడియో ఎన్‌కోడర్ లేదు కాబట్టి ట్రాన్స్‌కోడింగ్‌కు అదీ పనికిరాదు.

అపోహ: మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ వాడితే ఖర్చే లేదు.

వాస్తవం: ఏ పనీ చేయకుండా 70 వాట్లు తినే డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 50 యూనిట్లు. ఎన్100 పెట్టె రెండు డిస్కులతో కలిపి 20 వాట్ల దగ్గర నడుస్తుంది, అంటే 15 యూనిట్లలోపే. తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లు నెలకు 170 యూనిట్లు వాడుతోందనుకోండి, ఈ 50తో 200 దాటి మొత్తం బిల్లు మీద పడుతుంది. ముందు ఆ పాత మెషీన్ ఎంత లాగుతోందో వాట్ మీటర్ పెట్టి చూడండి.

అపోహ: రెయిడ్ పెట్టాను, ఇక బ్యాకప్ ఎందుకు?

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినన్ని ఫొటోలు ఇంక దేనివల్లా పోలేదని నా అనుమానం. బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో రెయిడ్ మీద పత్రం రాసినప్పుడు వాళ్ల ఆలోచన, చవక డిస్కులను కలిపి ఒక పెద్ద డిస్కులా వాడుకోవడం, ఒకటి పోయినా పని ఆగకుండా చూడటం. మనిషి పొరపాటును ఆపడం అందులో లేదు.

మా ఇంట్లో రెండు డిస్కులూ ఒకే రకంగా ఉండేలా మిర్రర్ అనే రెయిడ్ పెట్టుకున్నాను. ఒక రాత్రి చోటు ఖాళీ చేస్తూ, నకలు అనుకుని ఒక ఫోల్డరు తీసేశాను. అందులో మా అమ్మాయి అన్నప్రాశన ఫొటోలున్నాయి. మొదటి డిస్కులో పోయిన క్షణానే రెండో దాంట్లోనూ పోయాయి. డిస్కులు రెండూ చెక్కుచెదరలేదు. చివరికి మా అక్క వాట్సాప్‌లో, అప్పట్లో నేను పంపిన పదకొండు ఫొటోలు దొరికాయి, అవీ కుదించుకుపోయినవి. పిడుగు పడినా, దొంగ పెట్టె ఎత్తుకుపోయినా, వైరస్ ఫైళ్లకు తాళం వేసినా ఇదే కథ.

చీటీ రాసేటప్పుడు ముందు డిస్కులు రాయండి. ఒకటి సర్వర్‌లో, ఒకటి బ్యాకప్‌కు విడిగా, ఇంకొకటి వేరే ఇంట్లో. మిగిలిన డబ్బుతో ప్రాసెసర్ చూసుకోవచ్చు. సినిమా పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు కాబట్టి దానికి మూడు కాపీలు అక్కర్లేదు.

అపోహ: టెరాబైట్లు ఒకటే అయితే డిస్కులన్నీ ఒకటే.

వాస్తవం: పెంకుటింటి కప్పు చూడండి, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది. ఎస్‌ఎంఆర్ డిస్కులో రాత వరుసలు అలాగే పరుస్తారు. మధ్య పెంకు మార్చాలంటే చుట్టుపక్కలవి కదపాల్సిందే. అందుకే చెడిపోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి రెయిడ్‌ను తిరిగి నింపేటప్పుడు ఇవి నత్తనడక నడుస్తాయి. వరుసలు విడివిడిగా ఉండే సీఎంఆర్ డిస్కుకు ఈ బాధ లేదు. 2020 ఏప్రిల్‌లో డబ్ల్యూడీ సంస్థ, ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెల) కోసమే అమ్మే రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని డిస్కులు ఎస్‌ఎంఆర్‌వేనని ఒప్పుకుంది. తర్వాత సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ పేరుతో విడదీసింది. డబ్బా మీద పేరు చూసి ఊరుకోకండి, మోడల్ నంబరు పెట్టి వెతకండి. ఒకసారి రాసి బీరువాలో పెట్టే బ్యాకప్‌కైతే ఎస్‌ఎంఆర్ చాలు.

ఇక చిన్న అపోహలు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడితే, పొరపాట్లు సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ తప్పదంటారు. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేసిన వారిలో ఒకరైన మాథ్యూ ఆరెన్స్ మాట వేరు: ఆ అవసరం మిగతా ఫైల్ సిస్టమ్‌లకు ఎంతో దీనికీ అంతే. సర్వర్‌కు ఏసీ గది అన్నదీ అపోహే. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో రాసిన పత్రంలో, మామూలు వేడికీ డిస్కు చావుకూ అనుకున్నంత సంబంధం కనబడలేదు. మరీ ఎక్కువ వేడి, పాతబడ్డ డిస్కులు వేరే సంగతి. రామగుండం లాంటి ఊళ్లో మే నెలలోనైతే టీవీ కింద అరలో పెట్టి తలుపు మూయకండి, ఒక ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని వెనక ‘యూపీఎస్’ మీట వేసి ఉందో లేదో చూడండి. మామూలు మీట మీద కరెంటు మారే ఆ కాస్త వ్యవధిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, సర్వర్ మాత్రం ఆగిపోవచ్చు.

మా మూడో డిస్కు ఖమ్మంలో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. దసరాకూ సంక్రాంతికీ వెళ్లినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటాను, పైన స్కెచ్ పెన్నుతో తేదీ రాస్తాను. ఇచ్చే ముందు అక్కడే కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫోల్డర్లు తెరిచి చూస్తాను. మొదట తెరిచేది అన్నప్రాశన ఫోల్డరు. అందులో పదకొండు ఫొటోలుంటాయి.