పాత క్యాంపరులో మసక దీపము

అమెరికాలో పికప్ ట్రక్కుపై అమర్చుకొని విహారయాత్రలకు కొనిపోవు చిన్న గదిని ట్రక్ క్యాంపర్ అందురు. ట్రక్కులోని 12 వోల్టుల బ్యాటరీ నుండి దాని దీపములకు విద్యుత్తు వచ్చును. ప్రవాహము తిరిగిపోవు దారి ట్రక్కు ఇనుపచట్రమే. దీనినే మన మోటారు మెకానిక్కులు ఎర్త్ అందురు. రబ్బరు చక్రములపై నిలిచిన బండికి నేలతో సంబంధము లేదు గనుక, ఇది పేరుకు మాత్రమే ఎర్త్.

పాత క్యాంపర్లు పెక్కింటికి కొయ్యచట్రముపై అల్యూమినియము రేకు తొడుగుదురు. కొయ్య విద్యుద్వాహకము కాదు. కాబట్టి వాటి ఎర్త్ తీగెను ట్రక్కు చట్రమునకు బోల్టుతో బిగింతురు. కాలక్రమమున ఆ అతుకు తుప్పుపట్టును.

ఒక ఉదాహరణము చూడుడు. 6 ఓముల దీపము 12 వోల్టులవద్ద 2 ఆంపియర్లు తీసికొని 24 వాట్లతో వెలుగును. తుప్పు మరి 2 ఓముల నిరోధమును చేర్చినదనుకొందము. దీపపు నిరోధము మారదనుకొన్నచో, ప్రవాహము 1.5 ఆంపియర్లకు తగ్గును. దీపమునకు దక్కునవి 9 వోల్టులు, 13.5 వాట్లు మాత్రమే. మరి 4.5 వాట్లు తుప్పుపట్టిన చోటనే వేడిగా మారును. ప్రవాహము పెరుగలేదు, తగ్గినది. అందుచే ఫ్యూజు కాలదు, లోపమును తెలుపదు.

దీపమును ఊడదీసి హోల్డరువద్ద వోల్టుమీటరు పెట్టినచో, అది 12 వోల్టులే చూపును! మీటరు గుండా పోవు ప్రవాహము అత్యల్పము గనుక తుప్పువద్ద వోల్టేజి తగ్గదు. కావున దీపము వెలుగుచుండగనే, బ్యాటరీ ఋణధ్రువమునకును దీపపు ఎర్త్ కొనకును నడుమ కొలువవలెను. మన ఉదాహరణములో 3 వోల్టులు కనబడును. అతుకు మంచిదైనచో దాదాపు సున్న. పిదప బ్యాటరీ తీగె విప్పి, లోహము మెరయువరకు తుప్పును గీకి, బోల్టును బిగింపవలెను.

1827లో ఓమ్ ప్రకటించిన నియమము చెప్పునదియు ఇదియే: ప్రవాహము లేనిచో నిరోధము వోల్టేజిని తగ్గింపదు.