తెర మీద హీరోకి ఆయాసం రాదు... మరి మీకో?

తెర మీద హీరో సైకిలెక్కాడంటే చాలు, హాల్లో ఈలలు! పాట మొదలవుతుంది. మొదటి చరణం అయ్యేసరికి ఊరు దాటేస్తాడు. చొక్కా నలగదు, క్రాపు చెదరదు, ముఖాన మెరిసే చెమట కూడా మేకప్‌మాన్ చల్లినదే! ఇంతకీ ఆ అబ్బాయి నిజంగా తొక్కింది ఎంతంటారు? కెమెరా ముందు కాస్త దూరం. మిగిలిందంతా ఎడిటర్ గారి కత్తెర తొక్కింది!

రోడ్డు మీద తొక్కేవాడికి ఆ కత్తెర సాయం ఉండదు. ప్రతి కిలోమీటరూ కాళ్లతోనే తొక్కి తీరాలి.

అమీర్‌పేట గురించి సినీ ప్రియులకి వేరే చెప్పాలా? సారథీ స్టూడియోస్ ఉన్న పేట ఇది. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రంగా పేరు తెచ్చుకున్న 'మా ఇంటి మహాలక్ష్మి' (1959) ఆ స్టూడియోలోనే తయారైంది. ఇవాళ అమీర్‌పేట అంటే కుర్రకారుకి ముందు గుర్తొచ్చేది మాత్రం మైత్రీవనం, దాని చుట్టూ ఉన్న కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు, వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ప్రాక్టీసు, రాత్రి బిర్యానీ, కుదిరితే సెకండ్ షో. ఇవన్నీ కూర్చుని చేసే పనులే! ఆర్నెల్లు తిరిగేసరికి బెల్టుకి కొత్త చిల్లు పడుతుంది. సరిగ్గా అప్పుడే ఫ్రెండ్స్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో కబురు: "ఆదివారం గండిపేట రైడ్. పదిమందిమి. వస్తావా?"

రానంటే నామోషీ. వస్తానంటే గుండె దడ. ఏం చెయ్యాలి మరి?

వెళ్లొచ్చు, నిక్షేపంగా వెళ్లొచ్చు. కాకపోతే కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్లాలి.

పేరులోనే గుట్ట ఉంది!

అమీర్‌పేట నుంచి గండిపేటకి ఒకవైపే 20 కిలోమీటర్ల పైమాట. రానూపోనూ 40 దాటుతుంది. అసలు చిక్కు దూరంతో కాదు, మొదట్లోనే వచ్చే ఎత్తుతో. పంజగుట్ట పేరులోనే గుట్ట ఉంది కదా! అక్కణ్ణుంచి బంజారాహిల్స్ రోడ్ నెంబర్ 2 పట్టుకుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు వెళ్తుంటే రోడ్డు మెల్లగా పైకి లేస్తూ ఉంటుంది. బైకు మీద పోయేవాడికి ఈ సంగతి తెలీనే తెలీదు. సైకిలు వాడికి అన్నపూర్ణ స్టూడియోస్ దగ్గరికొచ్చేసరికి బాగా తెలుస్తుంది.

కొత్తవాడు చేసేదేమిటంటే, నలుగురి ముందూ తగ్గకూడదని ఆ ఎత్తు మీదే బలమంతా పెట్టేస్తాడు. మొదటి రీల్లోనే క్లైమాక్స్ ఫైట్ తీసేస్తే మిగిలిన 14 రీళ్లలో ఏం చూపిస్తారు? సైకిలుకి గేర్లుంటే ఎత్తు రాకముందే తేలిక గేరుకి మార్చుకోవాలి. కాళ్లు బరువుగా నొక్కడం కంటే తేలిగ్గా, వేగంగా తిప్పడం మేలు. దీనికి కొలత ఒక్కటే: తొక్కుతూ పక్కవాడితో రెండు వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగిపోతోందంటే వేగం ఎక్కువైందన్నమాట.

సీటు సంగతి కూడా చూడండి. చాలామంది సీటు మరీ కిందకి పెట్టుకుని మోకాళ్లు నొప్పులంటారు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. సుమారుగా అదే సరైన ఎత్తు.

గాలి అనే విలన్

గుంపులో వెళ్లడంలో ఒక రహస్యం ఉంది. వేగం రెట్టింపైతే ఎదురుగాలి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. దాన్ని చీల్చుకుపోవడానికి పట్టే శక్తి ఎనిమిది రెట్లు! అందుకే ముందున్నవాడి వెనకాలే తొక్కితే చాలా శ్రమ తప్పుతుంది. ముందువాడు హీరోలా గాలితో ఫైట్ చేస్తుంటే వెనకవాడు కమెడియన్‌లా చల్లగా వెళ్లిపోవచ్చు! ఆరోగ్యం సరిగా లేనివాడు గుంపు వెనకే ఉండటం తప్పేం కాదు, తెలివైన పని.

జాగ్రత్త సుమా! మీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రానికి తగిలిందంటే పడేది మీరే. అలవాటయ్యేదాకా ఒక సైకిలు పొడవైనా ఎడం ఉంచండి. సడన్‌గా బ్రేకు వెయ్యకండి. గుంత కనిపిస్తే చేత్తో చూపించి "గుంత!" అని అరవండి. మన రోడ్ల మీద ఆ అరుపుకి కొదవుండదు! ఇక హెల్మెట్ లేనివాణ్ణి రైడ్‌కి రానివ్వకపోవడమే స్నేహం.

పెట్రోలు అయిపోతే...

ఒంట్లో నిలవుండే పిండిపదార్థపు శక్తి గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటలకి అడుగంటుతుంది. అప్పుడు కాళ్లు చచ్చుబడి, కళ్లు తిరిగి, "నన్నిక్కడే వదిలెయ్యండ్రా" అనిపిస్తుంది. ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే. ముప్పావుగంటకోసారి అరటిపండో, పల్లీపట్టీయో నోట్లో వేసుకోవాలి. చెమటతో ఉప్పు పోతుంది కనుక ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసాలో ఉంటే అంతకన్నా ఏం కావాలి!

పాటలో అయిపోయే ట్రైనింగు

1992లో వచ్చిన హిందీ చిత్రం 'జో జీతా వోహీ సికందర్' గుర్తుందా? ఆమిర్ ఖాన్ సైకిల్ రేసు! దాని ఛాయల్లోనే 1999లో పవన్ కల్యాణ్ 'తమ్ముడు' వచ్చింది. మనవాళ్లు సైకిల్ రేసు తీసేసి కిక్‌బాక్సింగ్ పెట్టారు. మారనిది ఒక్కటే. జులాయిగా తిరిగే తమ్ముడు, అన్న దెబ్బతిన్నాక ఒళ్లు వంచి సాధన చేస్తాడు. సినిమాలో ఆ సాధన ఒక పాటలో అయిపోతుంది. మనకి కనీసం ఐదారు వారాలు పడుతుంది. వారానికి మూడు రోజులు ఎనిమిది, పది కిలోమీటర్లు. ఆదివారం ఇంకాస్త ఎక్కువ. ఒకేసారి దూరం పెంచెయ్యకూడదు.

తొలి రైడ్‌కే ట్రాఫిక్‌లో పడనక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ. నానక్‌రామ్‌గూడ నుంచి ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో పాయ. అలిసిపోతే అక్కడికక్కడే వెనక్కి తిరగొచ్చు.

చివరివాడికీ అదే గౌరవం

దూరపు రైడ్లలో 'బ్రెవే' అని ఒక పద్ధతుంది. హైదరాబాదులోనూ జరుగుతాయి. 200 కిలోమీటర్లకి గడువు పదమూడున్నర గంటలు. విశ్రాంతి, టిఫిన్లు అన్నీ కలుపుకుని గంటకి 15 కిలోమీటర్లు పడితే చాలు! ఇందులో ఫస్టు, సెకండు బహుమతులుండవు. గడువులోగా వచ్చిన ప్రతివాడూ నెగ్గినట్టే. ఈ సంప్రదాయానికి పెద్దదిక్కు ఫ్రాన్సులో 1891లో రేసుగా మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్. ఇప్పుడు రేసు కాదు. నాలుగేళ్లకోసారి 1,200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. 'వరుడు' (2010)లో విలన్‌గా భయపెట్టిన ఆర్యకి కూడా ఇలాంటి దూరపు రైడ్ల పిచ్చి ఉంది! ఆయనే హీరోగా వచ్చిన 'సైజ్ జీరో' (2015) కోసం అనుష్క బరువు పెరిగిన సంగతి తెలిసిందే. లావు మీద జోకులు ఎంత నొప్పిస్తాయో, సన్నబడటానికి అడ్డదారి ఎంత ప్రమాదమో ఆ సినిమా చెప్పింది.

ఈ నవ్వులకి జడిసే కుర్రాళ్లు ప్రాణం మీదకి తెచ్చుకుంటారు. ఛాతీలో బిగపట్టినట్టున్నా, ఎడమచెయ్యి లాగుతున్నా, కళ్లు చీకట్లు కమ్మినా, నవ్వుతారని నోరు మూసుకుని తొక్కకండి. దిగిపోండి, పక్కవాడితో చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగరు, ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర ఉన్నవాళ్లయితే మొదలుపెట్టే ముందే ఒక పరీక్ష చేయించుకోవాలి. ఇక గుంపులో గట్టివాళ్లకో మాట: మీలో ఒకరు చివరివాడి వెనకే రండి. వాణ్ణి దారిలో వదిలేసి ముందొచ్చి టీ తాగితే అది గ్రూప్ రైడ్ ఎలా అవుతుంది?

కాబట్టి కబురొస్తే "వస్తా, కానీ వెనకే వస్తా" అని ధైర్యంగా చెప్పండి. ఆ రోజు మ్యాట్నీకి టిక్కెట్లు మాత్రం ముందే కొనకండి. గండిపేట నుంచి ఏ వేళకి తిరిగొస్తారో! వచ్చినా, ఏసీ హాల్లో టైటిల్స్ అయ్యేలోపే గురక పెడతారు. పక్కసీటువాళ్ల సంగతి కూడా చూడాలి కదా!