టార్పెడో లేడిల్: ఇనుము చల్లారకముందే చేరవేసే బండి

భిలాయి ఉక్కు కర్మాగారంలో ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్‌కు మహామాయ అని పేరు. 2018లో వెలిగిన ఈ కొలిమిని రోజుకు 8,030 టన్నుల ద్రవ ఇనుము ఇచ్చేలా కట్టారు. గంటకు లెక్క కడితే 330 టన్నుల పైమాటే. ఆ ఇనుము దాదాపు 1,500 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. అది ఉక్కుగా మారేది మాత్రం దూరంగా ఉన్న మెల్టింగ్ షాపులో, కన్వర్టర్లలో. మధ్యలో పట్టాలు, పాయింట్లు, సిగ్నళ్లు, దారి కోసం నిలబడిన లోకోలు. కొలిమిని నచ్చినప్పుడు ఆపి నచ్చినప్పుడు నడిపించలేం. కన్వర్టర్‌ను ఖాళీగా ఉంచితే నష్టం. ఆ దూరం దాటించే పని, చక్రాల మీద తిరిగే పెద్ద పాత్ర అయిన టార్పెడో లేడిల్‌ది.

ఆలస్యమైతే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చూద్దాం. లేడిల్‌లో 300 టన్నుల ఇనుము ఉందనుకుందాం. దారిలో అది 50 డిగ్రీలు చల్లబడితే పోయే వేడి సుమారు 3,500 యూనిట్ల కరెంటుకు సమానం. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి అది దాదాపు రెండేళ్ల కరెంటు. ఒక్క ట్రిప్పులో, ఒక్క బండిలో జరిగే నష్టం ఇది. కన్వర్టర్‌లో పాత ఇనుప తుక్కు కరిగేది ఈ ద్రవ ఇనుము వెంట వచ్చిన వేడితోనే కనుక, ఇనుము చల్లబడి వస్తే తుక్కు తక్కువ వేసుకోవాల్సి వస్తుంది. ఇంకా ఆలస్యమైతే మరో చిక్కు. ఈ ఇనుములో 4 శాతం పైన కార్బన్ ఉండటంతో అది 1,150 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. లేడిల్ అంచులకు, మూతి చుట్టూ పేరుకున్న గడ్డను తొలగించడం కష్టమైన, ప్రమాదకరమైన పని.

ఈ బండి కథ అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడక్ దగ్గర మొదలైంది. ఒకప్పుడు కొలిమి నుంచి వచ్చిన ఇనుమును దిమ్మలుగా పోసి చల్లార్చేవారు. వాటిని మోసుకెళ్లి, మరో కొలిమిలో మళ్లీ కరిగించి, అప్పుడు కన్వర్టర్‌లో పోసేవారు. ఒకే ఇనుమును రెండుసార్లు కరిగించడమన్నమాట. నేరుగా పోద్దామంటే ఒక్కో కొలిమి ఇనుము ఒక్కో గుణంతో వచ్చేది. సిలికాన్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. అక్కడి ఎడ్గర్ థామ్సన్ కర్మాగారాన్ని నడిపిన కెప్టెన్ విలియం జోన్స్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. కొలిములన్నిటి ఇనుమునూ లోపల ఇటుకలు పేర్చిన ఒక పెద్ద పాత్రలో కలిపి, అందులో ఎప్పుడూ కొంత నిల్వ ఉంచుతూ, కావలసినంత వంచి తీసుకోవడం. దాని పేరు మిక్సర్. 1889 జూన్‌లో పేటెంటు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అదే కర్మాగారంలో కొలిమి పేలిన ప్రమాదంలో జోన్స్ చనిపోయాడు. ఆ పేటెంటుపై కార్నెగీ కంపెనీ, కేంబ్రియా కంపెనీల తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1902లో కోర్టు జోన్స్ పేటెంటును సమర్థించింది. ఉక్కు చరిత్రలో కన్వర్టర్‌ను కనిపెట్టిన బెసెమర్ పేరు వినిపించినంతగా జోన్స్ పేరు వినిపించదు, ఇది అన్యాయమే. ఇనుమును రెండోసారి కరిగించే పనిని తప్పించిన ఆ ఆలోచన తక్కువదేమీ కాదు.

మిక్సర్ ఉన్నచోటే ఉంటుంది. దాని దగ్గరికి ఇనుమును పైన తెరిచి ఉన్న లేడిళ్లలో తేవాలి, పోయాలి, మళ్లీ నింపుకుని కన్వర్టర్‌కు తీసుకెళ్లాలి. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికన్ ఇంజనీర్లు మిక్సర్‌నే చక్రాల మీద ఎక్కించారు. నిల్వ చేసేది, మోసేది ఒకటే అయ్యాయి. మొదట్లో దాన్ని మిక్సర్ తరహా లేడిల్ కారు అన్నారు; ఆకారాన్ని బట్టి టార్పెడో అనే పేరు స్థిరపడింది. మన కంటికి అది పక్కకు పడుకోబెట్టిన పెద్ద మద్దెలలా కనిపిస్తుంది. నడుమ లావు, రెండు కొసలూ సన్నం. రెండు కొసలనూ బరువైన బోగీలు మోస్తాయి. పైన ఒక చిన్న మూతి. నింపడమూ అందులోంచే, పోయడమూ అందులోంచే. మోటారుతో పాత్ర మొత్తం తన ఇరుసు మీద తిరిగి ఇనుమును కిందికి వంచుతుంది. మూతి చిన్నది, లోపలి ఇటుకల పొర మందం. అందుకే ఇనుము గంటల తరబడి ద్రవంగా నిలుస్తుంది.

ఆ లోపలి ఇటుకల పొరే దాని ప్రాణం. మామూలు ఇటుక ఈ వేడిని, ఒరిపిడిని తట్టుకోలేదు; అల్యూమినా, సిలికాన్ కార్బైడ్, కార్బన్ కలిపిన ఇటుకలు పేరుస్తారు. అరిగే కొద్దీ మరమ్మతు షాపుకు పంపి మళ్లీ పేర్చాలి. భిలాయిలోని మరోదాలో ఇలాంటి వేడిని తట్టుకునే ఇటుకల కర్మాగారం ఉంది. భారత్ రిఫ్రాక్టరీస్ సంస్థ 2009లో భిలాయి కర్మాగారాన్ని నడిపే సెయిల్‌లో కలిసినప్పుడు అదీ సెయిల్ చేతికి వచ్చింది.

చల్లార్చి మళ్లీ కాల్చే ఇబ్బంది ఇనుముతోనే ఆగలేదు; భిలాయిలో ఉక్కు పోసే పాత పద్ధతిలోనూ అది ఉండేది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది; 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి మెల్టింగ్ షాపు ఓపెన్ హార్త్ కొలిములది. ఉక్కును అచ్చుల్లో పోసి ఇంగాట్లు చేసేవారు. అచ్చు ఊడదీయాలి, ఇంగాట్‌ను సోకింగ్ పిట్‌లో మళ్లీ కాల్చాలి, బ్లూమింగ్ మిల్లులో ఒత్తి సాగదీయాలి. ఆ తర్వాత గానీ అది రైలు పట్టా అయ్యే దారి పట్టేది కాదు. 1980ల్లో రెండో మెల్టింగ్ షాపులో కంటిన్యువస్ కాస్టింగ్ వచ్చాక, ఆ దారిలో ఇంగాట్ చేతులు మారే మెట్లు పోయాయి. ద్రవ ఉక్కు ఒకవైపు పోస్తుంటే మరోవైపు నుంచి బ్లూమ్ గట్టిపడి బయటికి వస్తుంది.

కార్ల కంపెనీ టయోటాలో ఇంజనీరు టైచి ఓనో చెప్పిన ఏడు రకాల వృథాలలో రవాణా ఒకటి, ఎదురుచూపు మరొకటి. వస్తువును ఒకచోటి నుంచి మరోచోటికి మోసినంత మాత్రాన దాని విలువ పెరగదని ఆయన వాదన. కార్ల కర్మాగారంలో ఆ వృథా గుట్టగా పేరుకున్న పెట్టెలుగా కనిపిస్తుంది. ఉక్కు కర్మాగారంలో అది వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది, కంటికి ఆనదు. అందుకే దాన్ని వెతికి పట్టుకోవాలి.

అసలు సమస్య నిండు టార్పెడో కన్నా ఖాళీ టార్పెడోతోనే ఎక్కువ. కన్వర్టర్ దగ్గర ఇనుము పోసేశాక బండి ఖాళీగా యార్డులో నిలబడితే లోపలి ఇటుకలు చల్లారిపోతాయి. తర్వాత పోసిన ఇనుము ముందు ఆ ఇటుకలను వేడెక్కించాలి. గంటకు 330 టన్నులు వచ్చే కొలిమికి 300 టన్నుల లేడిళ్లు వాడుతున్నామని, ఒక్కో బండి నింపుకుని, పోసి, తిరిగి రావడానికి 7 గంటలు పడుతుందని అనుకుందాం. ఎనిమిది బండ్లు తిరుగుతుండాలి. ఆ చుట్టు 5 గంటలకు తగ్గితే ఆరు చాలు. మిగిలిన రెండింటికీ ఇటుకల ఖర్చు లేదు, పట్టాల మీద అడ్డూ లేదు. తిరిగే ఆరూ వేడిగా ఉంటాయి. ఇంత ప్రయోజనానికి కొత్త యంత్రం కొనక్కర్లేదు. ఏ లేడిల్ ఎక్కడుంది, ఎప్పుడు ఖాళీ అయింది అన్నది కొలిమి వాళ్లకు, షాపు వాళ్లకు, లోకో నడిపేవాళ్లకు ఒకే సమయంలో తెలియాలి. ఖాళీ మూతికి మూత పెట్టాలి.

వేడిని కాపాడటానికి ఖరీదైనవే కావాలని కూడా లేదు. భిలాయి ఉన్న, ధాన్యానికి పేరున్న ఛత్తీస్‌గఢ్‌లో రైసు మిల్లుల దగ్గర ఊక గుట్టలు కనిపిస్తాయి. ఆ ఊక బూడిదను మన దేశపు ఉక్కు కర్మాగారాల్లో ద్రవ ఉక్కు మీద దుప్పటిలా చల్లుతారు. సిలికా ఎక్కువగా ఉండి గుల్లగా ఉండే ఆ బూడిద వేడిని పైకి పోనివ్వదు.

తెలుగు నేల మీద విశాఖ ఉక్కులోనూ ద్రవ ఇనుము కొలిమి నుంచి మెల్టింగ్ షాపు దాకా ఇలాగే దూరం దాటాలి. అక్కడి కొలిముల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. భిలాయిలో పనిచేసిన తెలుగువాళ్లకు ఈ బండి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ బండికి ఇప్పుడు పోటీ వచ్చింది. చైనాలో షౌగాంగ్ జింగ్‌టాంగ్ కర్మాగారం 2009లో మొదలైనప్పటి నుంచి కొలిమి కింద ఇనుము పట్టిన లేడిల్‌నే నేరుగా కన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్తోంది. మధ్యలో ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయడం లేదు. పోసిన ప్రతిసారీ లేచే పొగ, పోయే వేడి అక్కడ తప్పాయి. కొలిమి, మెల్టింగ్ షాపు దగ్గరదగ్గరగా, కొత్తగా కట్టినచోట ఇదే మెరుగైన దారి. కొలిములు, షాపులు వేర్వేరు దశాబ్దాల్లో, వేర్వేరు మూలల్లో లేచిన భిలాయి లాంటిచోట టార్పెడో ఇంకా చాలా కాలం ఉంటుంది. అక్కడ చుట్టులో తగ్గించిన ప్రతి అరగంటా ఆదాయమే. భిలాయిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం దూరంగా వెతకనక్కర్లేదు. ఒక టార్పెడో రోజులో ఎన్ని గంటలు ఖాళీగా నిలబడుతుందో, ఎందుకు నిలబడుతుందో అనుమతి తీసుకుని కొలిచి చూడండి.